ఓవెన్ బోర్డు పోయిందంటున్నారా? మార్చే ముందు ఇవి చూసుకోండి

ఓవెన్ రిపేరుకు వచ్చిన మెకానిక్ నోట ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "బోర్డు పోయిందండీ, మార్చాలి." ఓవెన్‌లో అన్నిటికన్నా ఖరీదైన భాగాల్లో కంట్రోల్ బోర్డు ఒకటి. పాత మోడల్ అయితే బోర్డు దొరకడమే కష్టం, దొరికినా ఆ ధర విన్నాక కొత్త ఓవెన్ కొనేద్దామా అనిపిస్తుంది. నిజంగా బోర్డు పోయుంటే చేసేదేం లేదు. కానీ బోర్డుకు తగిలించిన వేరే చిన్న భాగం పాడైనా, వైరు వదులైనా, చివరికి ఓవెన్‌లో టైం సెట్ చేయకపోయినా బయటికి కనిపించే లక్షణాలు అచ్చం బోర్డు పోయినట్టే ఉంటాయి. చిక్కంతా ఇక్కడే.

ముందు మీ ఇంట్లో ఉన్నది ఏ రకం ఓవెనో చూసుకోండి. తిప్పే నాబ్‌లు మాత్రమే ఉండి, టైమర్ టిక్ టిక్ మంటూ తిరిగి చివర్లో గంట కొట్టే మామూలు ఓటీజీ అయితే అందులో కంట్రోల్ బోర్డే ఉండదు. థర్మోస్టాట్, స్ప్రింగ్ టైమర్, కాయిల్స్, అంతే. అలాంటి దానికి ఎవరైనా బోర్డు పోయిందని చెబితే "ఏదీ, ఒకసారి చూపించండి" అని అడగండి. అంకెలు కనిపించే డిస్‌ప్లే, టచ్ బటన్లు ఉన్న మైక్రోవేవ్, కన్వెక్షన్ ఓవెన్, గోడలో అమర్చిన బిల్ట్-ఇన్ ఓవెన్, గల్ఫ్‌లో, అమెరికాలో ఉండే పెద్ద కుకింగ్ రేంజ్... ఈ వ్యాసం వీటి గురించి.

మూత విప్పే ముందు ఒక మాట

మైక్రోవేవ్ ఉన్న ఏ ఓవెన్‌నూ ఇంట్లో విప్పకండి. ఇందులో మినహాయింపు లేదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ కరెంటును 2 వేల వోల్టులకు పైగా పెంచుతుంది. దాని పక్కనే ఉండే పెద్ద కెపాసిటర్ ప్లగ్ పీకేశాక కూడా ఆ కరెంటును పట్టుకుని ఉండొచ్చు. "ప్లగ్ తీసేశాను కదా, ఏమవుతుంది" అనుకుని చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. యూట్యూబ్ వీడియోలో ఎంత తేలిగ్గా కనిపించినా సరే, ఆ పని తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

మైక్రోవేవ్ లేని బిల్ట్-ఇన్ ఓవెన్‌లో అంత ఎక్కువ వోల్టేజీ ఉండదు. కానీ 230 వోల్టులు చాలు మనిషిని చంపడానికి. అందుకే ప్లగ్ దగ్గర ఆపడం ఒక్కటే కాదు, ఎంసీబీ కూడా కింద పడేసి, డిస్‌ప్లే ఆరిపోయిందని చూశాకే వెనక్కి వెళ్లాలి. ఇంట్లోవాళ్లు చేయదగ్గ పరీక్షలు చాలావరకు బయటినుంచే అవుతాయి.

బోర్డు చేసే పని

బోర్డు తనంతట తాను వేడి పుట్టించదు. మీరు నొక్కిన బటన్ కీప్యాడ్ ద్వారా దానికి తెలుస్తుంది. లోపల ఎంత వేడి ఉందో సెన్సర్ చెబుతుంది. తలుపు మూసి ఉందో లేదో డోర్ స్విచ్ చెబుతుంది. ఈ మూడూ సరిగ్గా ఉన్నాయనుకున్నాక బోర్డు మీదున్న చిన్న రిలేను టక్ మనిపించి కాయిల్‌కు, ఫ్యాన్‌కు కరెంటు వదులుతుంది. ఈ తతంగమంతా నడవడానికి 230 వోల్టుల కరెంటును 5, 12 వోల్టుల వంటి చిన్న కరెంటుగా మార్చుకునే భాగం కూడా బోర్డు మీదే ఉంటుంది.

అంటే సెన్సర్ అబద్ధం చెప్పినా, కీప్యాడ్‌లో ఒక బటన్ ఇరుక్కుపోయినా బోర్డు పని ఆపేస్తుంది. అది బోర్డు తప్పు కాదు. చెయ్యవలసిన పనే అది చేసింది.

డిస్‌ప్లే అసలు వెలగకపోతే

మొదట అదే ప్లగ్ పాయింట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. సెల్ ఛార్జర్ పెట్టి "కరెంటు వస్తోంది" అనుకోవద్దు. సాకెట్ లోపల వైరు కాలి వదులైతే ఛార్జర్‌కు సరిపోయే కరెంటు వస్తుంది కానీ ఓవెన్ బరువు మోయలేదు. కన్వెక్షన్ ఓవెన్లకు 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్ పాయింటే కావాలి. పాత ఇళ్లలో చిన్న సాకెట్‌కు అడాప్టర్ పెట్టి నడిపేవాళ్లు ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయేమో ఒకసారి చూసుకోండి. బిల్ట్-ఇన్ ఓవెన్‌కైతే వెనక వైర్లు కలిసే టెర్మినల్ బ్లాక్ కాలిపోవడం మామూలే.

మైక్రోవేవ్‌లో ఫ్యూజు పోయినా డిస్‌ప్లే చచ్చిపోతుంది. ఫ్యూజు మార్చగానే మళ్లీ పోయిందంటే డోర్ స్విచ్‌ను అనుమానించాలి. తలుపు స్విచ్‌లు సరిగ్గా పనిచేయకపోతే కావాలనే ఫ్యూజు ఎగిరిపోయేలా లోపల ఏర్పాటు ఉంటుంది. తలుపు తెరిచి ఉండగా మైక్రోవేవ్ కిరణాలు రాకూడదు కదా, అందుకు. ఇలాంటప్పుడు పెద్ద ఫ్యూజు వేయడం, వైరు ముక్క చుట్టడం మహా ప్రమాదం. మెకానిక్ అలా చేస్తానంటే ఒప్పుకోకండి.

డిస్‌ప్లే వెలుగుతోంది, వేడి మాత్రం రావట్లేదు

ఇక్కడే ఎక్కువ డబ్బు వృథా అవుతుంది.

కరెంటు పోయి వచ్చాక చాలా బిల్ట్-ఇన్ ఓవెన్లలో అంకెలు మిణుకు మిణుకు మంటుంటాయి. టైం సెట్ చేసేదాకా ఆ ఓవెన్ వేడెక్కదు. ఇంతే సంగతి, దీనికి మెకానిక్ అక్కర్లేదు. తాళం గుర్తు కనిపిస్తే చైల్డ్ లాక్ పడిందని అర్థం. తాళం బటన్‌నో, బుక్‌లో చెప్పిన బటన్‌నో కొన్ని సెకన్లు నొక్కిపట్టి ఉంచితే పోతుంది. షోరూంలో ప్రదర్శనకు పెట్టిన పీసు కొన్నవాళ్లకు ఇంకో తమాషా ఎదురవుతుంది. అది డెమో మోడ్‌లో ఉండిపోతుంది. లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బటన్లు పలుకుతాయి, వేడి మాత్రం సున్నా.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు సబ్బత్ మోడ్ అని ఒకటి తగులుతుంది. యూదులు తమ విశ్రాంతి దినాన వాడుకోవడానికి పెట్టిన సదుపాయం అది. పొరపాటున అది ఆన్ అయితే బటన్లు నొక్కినా శబ్దం రాదు, మామూలుగా కనిపించాల్సినవి కనిపించవు. బోర్డు పోయిందనే అనుకుంటారు ఎవరైనా. అక్కడే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ దేశంలో ఎలక్ట్రిక్ రేంజ్‌కు 240 వోల్టులు రెండు వైర్ల మీద, ఒక్కోదాంట్లో 120 చొప్పున వస్తాయి. వాటిలో ఒకటి తెగినా డిస్‌ప్లే, లైటు మామూలుగానే వెలగొచ్చు. కాయిల్ మాత్రం వేడెక్కదు. బ్రేకర్‌ను పూర్తిగా కిందికి దించి మళ్లీ ఎక్కించి చూడాలి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే చెవి పెట్టి వినండి. స్టార్ట్ నొక్కగానే టక్ మని చిన్న శబ్దం వచ్చిందంటే రిలే పనిచేయడానికి ప్రయత్నించిందని అర్థం. అప్పుడు మొదటి అనుమానం కాయిల్ మీదకు పోవాలి. మెకానిక్ మల్టీమీటర్‌తో కాయిల్‌ను కొలిస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. 230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల కాయిల్ దాదాపు 26 ఓమ్స్ చూపించాలి. అసలేమీ చూపించకపోతే కాయిల్ తెగింది. కాయిల్ మార్చడం బోర్డు మార్చడంకన్నా చాలా చవక.

కన్వెక్షన్ మైక్రోవేవ్‌లో ప్లేటు తిరుగుతూ, లైటు వెలుగుతూ, అన్నం మాత్రం చల్లగానే ఉంటే మాగ్నెట్రాన్, దాని డయోడ్, కెపాసిటర్ వంటివి చూడాలి. అదే ఓవెన్ కన్వెక్షన్‌లో కేకు బాగానే కాలుస్తోందంటే బోర్డులో ఎక్కువ భాగం బతికే ఉన్నట్టు. ఈ రెండు మోడ్‌లూ విడివిడిగా పరీక్షించి, ఏది పనిచేస్తోందో ఏది చేయట్లేదో మెకానిక్‌కు ముందే చెప్పండి. మైక్రోవేవ్ మోడ్ పరీక్షించేటప్పుడు లోపల గ్లాసుడు నీళ్లు పెట్టడం మరవద్దు, ఖాళీగా నడపకూడదు.

ఎర్రర్ కోడ్ వస్తే

ఎఫ్ అనో, ఈ అనో అక్షరం, పక్కన ఒక అంకె కనిపిస్తే ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత ఎంసీబీ ఆపి, పది నిమిషాలాగి మళ్లీ వేయండి. కోడ్ మళ్లీ రాకపోతే కరెంటు ఒడిదుడుకులకు బోర్డు తికమకపడి ఉంటుంది, అంతే. వస్తే ఆ కోడ్‌కు అర్థం మీ మోడల్ బుక్‌లోనే చూడాలి. ఒక కంపెనీలో ఎఫ్3 అంటే సెన్సర్ కావచ్చు, ఇంకో కంపెనీలో మరేదో కావచ్చు. వాట్సాప్‌లో తిరిగే కోడ్‌ల పట్టికలను నమ్మకండి.

ఏ కంపెనీ అయినా సరే, చాలా కోడ్‌లు చివరికి రెండు చోట్లకే వేలు చూపిస్తాయి. ఒకటి ఉష్ణోగ్రత సెన్సర్, రెండోది కీప్యాడ్.

సెన్సర్ సంగతి. చాలా ఓవెన్లలో వెనక గోడ నుంచి లోపలికి పొడుచుకు వచ్చిన సన్నటి లోహపు పుల్లలా కనిపిస్తుంది. అమెరికా రేంజ్‌లలో ఎక్కువగా వాడేది సున్నా డిగ్రీల దగ్గర 1000 ఓమ్స్ చూపించే రకం. మన గది వేడిమి, అంటే 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య అది 1100 ఓమ్స్ చుట్టుపక్కల ఉండాలి. వంద డిగ్రీలకు 1385 దగ్గరికి చేరుతుంది. కొన్ని ఓవెన్లలో దీనికి సగం చూపించే రకం ఉంటుంది, అంటే గది వేడిమిలో 550 చుట్టూ. మైక్రోవేవ్ కన్వెక్షన్లలో మరో రకం వాడతారు, వేడెక్కే కొద్దీ దాని అంకె తగ్గుతుంది. ఏ రకమైనా, అంకె స్థిరంగా ఉండి, వేడిని బట్టి నెమ్మదిగా మారాలి. గంతులేస్తుంటే సెన్సరో, దాని వైరో, కనెక్టరో పోయినట్టు.

మా ఆపా ఇంట్లో జరిగింది ఇదే. ఓవెన్ బాగా వేడెక్కాక కోడ్ ఇచ్చి ఆగిపోయేది, చల్లారాక మళ్లీ బాగానే నడిచేది. వచ్చినాయన మూత కూడా విప్పకుండా బోర్డు మార్చాలన్నాడు. ఆపా అడ్వాన్సు ఇవ్వబోతుంటే, సెన్సర్ కొలిచి చెప్పమని నేను పట్టుబట్టాను. కొలిస్తే అంకె నిలకడగా లేదు. వెనక సెన్సర్ వైరు కలిసే ప్లాస్టిక్ కనెక్టర్ వేడికి గోధుమ రంగుకు తిరిగి, లోపలి పిన్ను వదులైపోయింది. వేడెక్కినప్పుడు వ్యాకోచించి తెగేది, చల్లారాక అతుక్కునేది. వేడిని తట్టుకునే కనెక్టర్ వేశాక ఆ ఓవెన్ ఇప్పటికీ నడుస్తోంది. బోర్డు మార్చి ఉంటే? కొత్త బోర్డు కూడా అదే కోడ్ చూపించేది.

కీప్యాడ్‌ది ఇంకో కథ. అర్ధరాత్రి ఓవెన్ తనంతట తాను బీప్ బీప్ మనడం, ఒక బటన్ నొక్కితే ఇంకోటి పలకడం, కొన్ని బటన్లే పనిచేయడం దాని లక్షణాలు. బటన్ల కింద పలచని ప్లాస్టిక్ పొరల మధ్య సన్నటి గీతలుంటాయి. పక్కనే ఉన్న పొయ్యి ఆవిరి, నూనె తడి వాటిలోకి దిగితే ఒక బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉండిపోతుంది. ఇఫ్తార్ ముందు హడావుడిలో పిండి చేతులతో, నూనె చేతులతో నొక్కుతాం కదా, తర్వాత క్లీనర్ నేరుగా ప్యానెల్ మీద కొట్టి తుడుస్తాం. ఆ ద్రవం అంచుల్లోంచి లోపలికి పోతుంది. క్లీనర్‌ను గుడ్డ మీద వేసుకుని, ఆ గుడ్డతో తుడవాలి. బటన్లు పిచ్చిగా ప్రవర్తిస్తుంటే ప్లగ్ తీసి ఒకటి రెండు రోజులు ఆరనివ్వండి, కొన్నిసార్లు అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మెకానిక్ కీప్యాడ్ రిబ్బన్ వైరును బోర్డు నుంచి విడదీసి చూస్తాడు. విడదీయగానే కోడ్ మారినా, పోయినా తప్పు కీప్యాడ్‌ది. కొన్ని మోడళ్లలో కీప్యాడ్ విడిగా దొరుకుతుంది, కొన్నింటిలో ప్యానెల్ మొత్తం మార్చాలి.

ఆపినా వేడెక్కుతూనే ఉంటే

ఆఫ్ చేసినా కాయిల్ ఎర్రగా ఉందా? 180 డిగ్రీలు పెడితే కేకు పది నిమిషాల్లో నల్లగా మాడిందా? ఆలోచించకుండా ఎంసీబీ ఆపేయండి. రిలే లోపలి రెండు పాయింట్లు వేడికి అతుక్కుపోతే ఇలా అవుతుంది. బోర్డు ఆపమన్నా కరెంటు ఆగదు. "వాడకం అయిపోయాక ప్లగ్ తీసేద్దాంలే" అని అలాగే నడిపే ఇళ్లు ఉన్నాయి. ఒక్కరోజు మరిచిపోతే చాలు, ఇల్లు అంటుకోవచ్చు. ఇది నిజంగానే బోర్డు సమస్య, బాగయ్యేదాకా ఆ ఓవెన్ జోలికి పోవద్దు.

బోర్డు తప్పే అని తేలే గుర్తులు ఇంకొన్ని ఉన్నాయి. గొట్టాల్లాంటి చిన్న కెపాసిటర్ల తల ఉబ్బి ఉండటం, ఒకచోట నల్లగా కాలిన మచ్చ, రిలే కాళ్ల దగ్గర టంకం గుండ్రంగా చిట్లడం, రిలే పడిన ప్రతిసారీ డిస్‌ప్లే ఆరిపోయి మళ్లీ మొదటికి రావడం. మన దగ్గర వీటికి తోడు బొద్దింకలు, బల్లులు. బోర్డు దగ్గర ఎప్పుడూ కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి అక్కడ కాపురం పెడతాయి. బల్లి రెండు పాయింట్ల మధ్య పడి బోర్డు కాలిపోవడం మెకానిక్‌లకు కొత్త విషయం కాదు.

ఇలా ఒకటి రెండు భాగాలే పోయినప్పుడు బోర్డంతా మార్చనక్కర్లేదు. రిలే, కెపాసిటర్, ఫ్యూజు, వేరిస్టర్ లాంటివి ఎలక్ట్రానిక్స్ కొట్లలో చిల్లరగా దొరికే వస్తువులే. హైదరాబాద్‌లో అయితే కోఠీ గుజరాతీ గల్లీలో వెతుక్కోవచ్చు. టీవీ, ఇన్వర్టర్ బోర్డులు బాగుచేసేవాళ్లు ఈ పని చేయగలరు. మధ్యలో ఉండే పెద్ద చిప్పే పోతే మాత్రం బోర్డు మార్చడమే దారి. అలా మార్చేటప్పుడు తలుపు అంచు దగ్గరో వెనకో ఉన్న స్టిక్కర్ మీది పూర్తి మోడల్ నంబరు ఫొటో పంపండి. చూడ్డానికి ఒకేలా ఉన్న బోర్డులో లోపలి ప్రోగ్రాం వేరుగా ఉంటే అది పనిచేయదు.

గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి తెచ్చిన ఓవెన్లు

ఇది మన ఇళ్లలో ఎక్కువగా ఎదురయ్యే విషయం. ఇల్లు మారుతూనో, సెలవుల్లో వస్తూనో అక్కడి మైక్రోవేవ్ తెస్తాం. అమెరికా మైక్రోవేవ్ 120 వోల్టులది. దాన్ని నేరుగా మన 230లో పెట్టారంటే బోర్డు క్షణాల్లో కాలిపోవచ్చు. సౌదీలో పాత ఇళ్లలో 127 వోల్టుల కరెంటు ఉండేది, అక్కడ కొన్నదైతే వెనక స్టిక్కర్ చదవకుండా ప్లగ్ పెట్టవద్దు.

వోల్టులు సరిపోయినా ఇంకో తేడా ఉంటుంది. సౌదీలో, అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, మన దగ్గర 50. చాలా ఓవెన్ల గడియారం ఈ లెక్కనే పట్టుకుని నడుస్తుంది. అలాంటి 60 హెర్ట్జ్ ఓవెన్ ఇక్కడ గంటకు 10 నిమిషాలు వెనకబడుతుంది. టైమర్ కూడా అంతే. 50 నిమిషాలు పెడితే గంట నడిచి వంట మాడుతుంది. ఇంట్లోవాళ్లేమో బోర్డు చెడిందనుకుంటారు. గడియారం తేడా పోనీలే అనుకున్నా, బరువైన పాత రకం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న 60 హెర్ట్జ్ మైక్రోవేవ్ ఇక్కడ మామూలు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. స్టిక్కర్ మీద 50/60 అని రెండూ రాసి ఉంటేనే తెచ్చుకోండి. దుబాయ్‌లో అమ్మేవాటితో ఈ బాధ ఉండదు, అక్కడా 50 హెర్ట్జే.

బోర్డు ఎక్కువ రోజులు ఉండాలంటే

బోర్డుకు ప్రధాన శత్రువు కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగి వచ్చినప్పుడు దూకే వోల్టేజీ. వాడనప్పుడు ఓవెన్ స్విచ్ ఆపి ఉంచండి. అయితే బిల్ట్-ఇన్ ఓవెన్ వంట అయ్యాక కూడా కాసేపు ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చూశారా? అది బోర్డును చల్లబరచడానికే. ఆ ఫ్యాన్ దానంతట అది ఆగాకే స్విచ్ తీయాలి. కరెంటు బిల్లు అని తొందరపడి ముందే ఆపేస్తే లోపలి వేడి మొత్తం బోర్డుకు తగులుతుంది. ఆ ఫ్యాన్ తిరగడమే మానేస్తే వెంటనే బాగుచేయించండి. అమెరికా రేంజ్‌లలో ఉండే సెల్ఫ్ క్లీన్‌నూ పండుగ ముందు రోజు వాడకండి. లోపలి వేడి 450 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, సెన్సరో, థర్మల్ ఫ్యూజో, బోర్డో పోయేది చాలాసార్లు ఆ తర్వాతే. ఫ్రిజ్ కోసం కొన్న స్టెబిలైజర్‌కు ఓవెన్ తగిలించవద్దు, అది ఆ లోడు మోయలేదు.

మెకానిక్‌ను పిలిచినప్పుడు

ఏ భాగం కొలిచారు, ఎంత వచ్చింది అని అడగండి. చెప్పగలిగినవాడు పని తెలిసినవాడు. బోర్డు మారిస్తే పాతది మీకే ఇమ్మనండి, కొత్తదానికి వారంటీ ఎంతో బిల్లు మీద రాయించుకోండి. కంపెనీ వారంటీలో ఉన్న ఓవెన్‌ను బయటివాళ్లతో విప్పించారంటే ఆ వారంటీ పోవచ్చు, కాబట్టి ముందు కొన్న బిల్లు తేదీ చూసుకోండి. వారంటీలో ఉండి కూడా కంపెనీ సర్వీసువాళ్లు తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా మొదలుపెట్టింది. చేరిన కంపెనీల మాన్యువల్స్, విడిభాగాలు, వారంటీ, సర్వీసు వివరాలు అందులో ఒకచోట చూసుకోవచ్చు.